డాంబరు గుంత కాడ మూడో పిలుపు

చీకట్లో ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తే... ఎన్నో పిలుపుకు పలుకుతారు?

ఆలోచించకండి, చెప్పండి. మొదటి పిలుపుకా? రెండోదానికా? చూశారా, ఒక్కరూ నోరు విప్పడం లేదు. నాకు తెలుసు. ఇక్కడున్న పెద్దవాళ్ళంతా మూడో పిలుపు దాకా ఆగేవాళ్ళే. మీ అమ్మలు అట్లా నేర్పారు, మీరు మీ పిల్లలకు అదే నేర్పుతున్నారు. నాకూ మా అమ్మమ్మ దేవమ్మ నేర్పింది.

"దెయ్యం రెండుపార్లే పిలుస్తది బిడ్డా. మూడోపారి పిల్చిందంటే మనిషే. గప్పుడు పలుకు."

ఈ బడి అరుగు మీద, ఈ కందిలి దీపం ముందర, ఆ మూడో పిలుపు సంగతే చెప్పబోతున్నాను. ఇందులో చాలా వరకు నేను చూసింది కాదు. మా ప్రకాశం మామ నోటి నుంచి నాలుగేళ్ళుగా ముక్కలు ముక్కలుగా విన్నది. చివరి ముక్క ఒక్కటే నేను కళ్ళారా చూశాను.

జహీరాబాదు నుంచి న్యాల్‌కల్ పోయే బాట మన ఊరి ముందు వాగులోకి దిగి ఎక్కుతుంది కదా. అక్కడ, ఎడమ పక్క తుమ్మచెట్ల వెనక ఉన్న జాగాను మీరంతా డాంబరు గుంత అంటారు. పొద్దు గూట్లో పడితే అటు తల కూడా తిప్పరు. బాటకు డాంబరు వేసిన ఏడు, యాభై తొమ్మిదిలో, కన్నడం మాట్లాడే కూలివాడొకడు కాగుతున్న పీపాలో పడ్డాడని చెబుతారు. ఎముక కూడా తియ్యలేదని చెబుతారు. వాడే డాంబరోడు అయ్యాడనీ, పేరు పెట్టి పిలుస్తాడనీ, పలికితే పాదాలు పట్టుకుంటాడనీ, పట్టినవాడు వదలడనీ...

ఆ కూలివాడి పేరేమిటి? ఏ ఊరివాడు? నేను ఎంతమందిని అడిగినా ఒక్కరూ చెప్పలేదు. దెయ్యం గురించి మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు.

దానికి సాక్ష్యం కూడా ఉండేది. ఆ గడ్డలే సాక్ష్యం.

ప్రతి ఏడూ తొలివానకు వాగు పారి తగ్గిన మర్నాడు ఇసుక మీద నల్లటి గడ్డలు ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. పిడికిలంత కొన్ని, మేక కార్జమంత కొన్ని. వాటికి ఇసుక, ఈకలు, మేక వెంట్రుకలు, ఒక్కోసారి రెక్కలు విప్పిన తూనీగ అతుక్కుని ఉండేవి. పొద్దున రాయిలా గట్టిగా ఉంటాయి. ఎండెక్కే కొద్దీ మెరుస్తాయి, మెత్తబడతాయి, ఇసుక మీద మెల్లగా పక్కకు వాలి పడుకుంటాయి. అప్పుడు చూస్తే ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. బట్టలుతికేవాళ్ళు వాటిని కర్రతో నెట్టి, ఉమ్మి వచ్చేవాళ్ళు. డాంబరోడి మాంసం అది, చేత్తో ముట్టొద్దు అని.

చేత్తో ముట్టినవాడు ఊరంతట్లో ఒక్కడే. ఈరయ్య.

ఈరయ్య కూలి చేసేవాడు. ఊరి చివర, వాగు వైపు ఆఖరి ఇల్లు అతనిది. ఇల్లంటే ఏముంది, నాలుగు మట్టి గోడలు, పైన పాత డాంబరు డబ్బాలు కొట్టి సాపు చేసిన రేకులు. ఏటా తొలివాన గడ్డలు ఏరుకొచ్చి, చిప్పలో కరిగించి, ఆ రేకుల చిల్లులు పూడ్చుకునేవాడు.

"థూ, దెయ్యం మాంసం నెత్తిమీద పెట్టుకున్నవేంరా!" అని బట్టలుతికే బీరమ్మ అంటే నవ్వేవాడట.

"మాంసమైతే మాంసం వాసనొస్తది గద వదినె. గిది బాట వాసనొస్తున్నది."

అరవై రెండులో రోహిణి కార్తె ఎండలు మీకు గుర్తున్నాయా? ఆ ఎండల్లో ఈరయ్య భార్య నారమ్మకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పదకొండో రోజు. పడమట మబ్బు కనబడుతోంది. మిరుగు వానలకు, అంటే మృగశిర కార్తెకు, ఇంకా వారమో, పది రోజులో. రేకుల్లో చిల్లు సరిగ్గా బాలింత మంచం మీదనే ఉంది. పూడ్చడానికి గడ్డలు కావాలి. గడ్డలేమో వాన పడ్డాకనే ఒడ్డుకు వస్తాయి. వాన పడ్డాక పూడిస్తే పసిబిడ్డ తడుస్తుంది.

అప్పుడు ఈరయ్య ఒక మాట అడిగాడు. మూడేళ్ళుగా ఊళ్ళో ఎవరికీ తట్టని మాట.

"అసలు ఇవి యాడికెళ్ళి వస్తున్నయే?"

ఇక మా ప్రకాశం మామ సంగతికి వస్తాను.

మామ పట్నంలో, అంటే జహీరాబాదులో, పశువుల దవాఖానలో మందులు కలిపే పని చేసేవాడు. రోజూ సైకిలు మీద రాకపోకలు. ఆ సైకిలు వెనక మడ్గార్డుకు ఒక బోల్టు లేదు. అది చేసే దడదడ చప్పుడు విని, "ప్రకాశం వస్తుండు, బువ్వ వడ్డించు" అని నాలుగిళ్ళ అవతలి వాళ్ళే మా అమ్మమ్మకు చెప్పేవాళ్ళు.

ఆ రోజు పొద్దుగూకి గంటయింది. చంద్రుడు లేడు. మామ వాగు దగ్గర సైకిలు దిగాడు. ఇసుకలో తొక్కలేం కదా, నెట్టుకుంటూ పోవాలి. నెడితే డైనమో తిరగదు. డైనమో తిరగకపోతే లైటు లేదు.

చీకటి. కాళ్ళ కింద ఇసుక ఇంకా వేడిగానే ఉంది. గాలి ఆడడం లేదు. ఎక్కడి నుంచో డాంబరు వాసన... కొత్తగా బాట వేసినప్పటి వాసన. మడ్గార్డు దడదడ. అంతే చప్పుడు.

వాగు మధ్యకు వచ్చాడు.

"ప్రకాశం..."

ఎడమ పక్క నుంచి. తుమ్మచెట్ల వైపు నుంచి. మనిషి గొంతులా లేదట. ఎండుటాకుల మీద ఏదో ఈడ్చినట్టు ఉందట.

మామ ఆగాడు. మడ్గార్డు ఆగింది. గుండె మాత్రం ఆగలేదు, చెవుల్లో కొట్టుకుంటోంది.

"ప్రకాశం... వో... ప్రకాశం..."

ఒకే పిలుపులో రెండుసార్లు పేరు. ఇది రెండో పిలుపా, మూడోదా? లెక్క పెట్టుకున్నాడు మామ. ఒక పిలుపులో ఎన్నిసార్లు పేరు వచ్చినా అది ఒక్క పిలుపే. రెండయ్యాయి.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినండి. మా మామ పారిపోలేదు. నిలబడ్డాడు. సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, నాలుక తడుపుకుని, మూడో పిలుపు కోసం ఎదురు చూశాడు. అది వస్తే పలుకుదామనే నిలబడ్డాడు. ఎంతసేపు? ఆయనకే తెలియదు. ఒక బీడీ కాల్చేంతసేపు, అన్నాడు ఒకసారి. కాదు, రెండు బీడీలంత, అన్నాడు ఇంకోసారి.

రాలేదు.

ఏదో గాలి తీసినట్టు... ఊపిరిలాంటిది... అంతే.

మామ సైకిలు ఒడ్డుకు ఈడ్చి ఎక్కాడు. లైటు వెలిగింది. వెనక్కి చూడకుండా తొక్కాడు.

ఇంటికొచ్చి గడప మీద కూలబడితే, అమ్మమ్మ ముఖం చూసే కనిపెట్టింది. గుసగుసగా అడిగింది.

"పిలిచిందా?"

"పిలిచిందవ్వా."

"ఎన్నిపార్లు?"

"రెండే."

"పలికినవా?"

"లేదు."

"మంచిగ జేసినవ్ కొడుకా..." అని ఉప్పు, మిరపకాయలు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి, ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే గట్టి దెయ్యమే అంది. అందరూ హాయిగా పడుకున్నారు. మామ తప్ప.

తెల్లవారుజామున తలుపు కొట్టారు.

నారమ్మ. పదకొండు రోజుల బాలింత, గడప దాటకూడని మనిషి. నెత్తి మీది నుంచి చెవులు కప్పుతూ గట్టిగా కట్టిన గుడ్డ అట్లాగే ఉంది. బాలింతకు చెవుల్లో గాలి పోకూడదని కడతారు కదా, అదే. చేతుల్లో బిడ్డ.

"అన్నా, నిన్న చీకటిపడ్డంక నువ్వు వాగులకెళ్ళే వచ్చినవ్ గద. మా ఆయన యాడన్న కండ్లబడ్డడా? గడ్డలు తెస్తనని మాపటికి పోయిండు. ఇంక రాలె."

 

"యాడికి పోయిండమ్మా?" అంది అమ్మమ్మ.

"గా తుమ్మల ఎన్కకు."

మామ చెప్పులు కూడా వేసుకోలేదు. ఉరికాడు.

తుమ్మల వెనక ఏముందో ఆ పొద్దున ఊరు మొదటిసారి చూసింది. బాట కోసం మొరం తవ్విన గుంత. పని అయిపోయాక గుత్తేదారు మనుషులు మిగిలిన డాంబరు పీపాలన్నీ అందులోకి దొర్లించి లారీ ఎక్కి పోయారు. పీపాలు తుప్పు పట్టి పగిలాయి. ప్రతి ఎండకూ డాంబరు కరిగి గుంతంతా పరుచుకుంది. పైన దుమ్ము పడింది, తుమ్మాకు రాలింది. చూస్తే నేలలాగే ఉంటుంది. తొలివానకు వరద నీళ్ళు గుంత అంచును కోసి, ముక్కలను వాగులోకి తోసేవి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మాంసం అదే.

ఆ నేల మధ్యలో ఈరయ్య ఉన్నాడు. మోకాళ్ళ పైదాకా దిగిపోయి, లేవబోయి ముందుకు పడి, రెండు చేతులూ మోచేతుల దాకా. రోజంతా ఎండకు కాగిన డాంబరు సాయంత్రం మెత్తగా లోపలికి లాక్కుంది. రాత్రి చల్లబడే కొద్దీ గట్టిపడి పట్టుకుంది. నిజమే, పాదాలు పట్టుకుంది. నిజమే, వదలలేదు.

బతికే ఉన్నాడు.

నులకమంచాలు బోర్లించి గుంత మీద పరిచారు. రేవణసిద్ధప్ప తన గానుగ నుంచి కుసుమ నూనె డబ్బా ఎత్తుకొచ్చి మొత్తం కుమ్మరించాడు. ఇళ్ళలో కందిళ్ళకు దాచుకున్న గ్యాస్‌నూనె సీసాలన్నీ వచ్చాయి. మామ మంచం మీద బోర్లా పడుకుని, ఈరయ్య చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. పొద్దు మెడదాకా ఎక్కింది వాళ్ళు అతన్ని పైకి తీసేసరికి. పాదాల తోలు గుంతలోనే ఉండిపోయింది.

నీళ్ళు తాగించారు. పెదాలు కదిలాయి. మామ చెవి దగ్గర పెట్టాడు.

"మూడోపారి గూడ పిలిచిన ప్రకాశం... గొంతు రాలె."

మడ్గార్డు చప్పుడుతో గుర్తుపట్టాడట. ఆ చప్పుడు ఆగింది కాబట్టి, ప్రకాశం విన్నాడని కూడా అతనికి తెలుసు. చప్పుడు మళ్ళీ మొదలై, దూరమై, ఊరి వైపు పోయేదాకా నోరు తెరిచి పిలుస్తూనే ఉన్నాడట. గాలి వచ్చింది. మాట రాలేదు.

సర్కారు దవాఖానలో ఎనిమిదో రోజు ధనుర్వాతం కమ్మి దవడలు బిగుసుకుపోయాయి. తొమ్మిదో రోజు పోయాడు.

మీకు తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది. దీని తర్వాత ఊరు ఏం చేసింది? గుంత పూడ్చిందా? లేదు. తాలూకా కచేరీకి పోయి అడిగితే, ఆ జాగా బాట హద్దులో లేదు పొమ్మన్నారు, మనం వచ్చేశాం. దెయ్యం పేరు మాత్రం మార్చాం. డాంబరోడు పోయి ఈరయ్య అయ్యాడు. "ఈరయ్య పిలుస్తుండు, అటు పోకున్రి." కనీసం ఈసారి దెయ్యానికి ఒక పేరుంది!

మా మామ ఆ తర్వాత మారిపోయాడు. వాకిట్లో పిల్లి అరిచినా "ఆఁ" అంటాడు. పక్కింటివాళ్ళు వాళ్ళ పిల్లల్ని పిలిచినా "ఆఁ, వస్తున్న" అని లేస్తాడు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. నేనే ఎక్కువ నవ్వాను.

ఇక నేను చూసింది.

రెండేళ్ళుగా మీరు ఇంకో మాట చెబుతున్నారు. ఇప్పుడు గుంత కాడ పిలుపు కాదు, జవాబు వినబడుతోందని. ఆడగొంతు. ఎవరూ పిలవకుండానే "ఓ... వస్తున్నా..." అంటుందని. అది విని పోయిన నెల పీటర్ అన్న బండెద్దులు బెదిరి, బండి వాగులో బోల్తా పడింది.

మొన్న సెలవులకు కాలేజీ నుంచి వచ్చాను. బస్సు ఆలస్యమైంది. చీకటిపడ్డాక వాగులో ఒక్కదాన్నే నడుస్తున్నాను. సభల్లో దెయ్యాలు లేవని బల్ల గుద్ది చెప్పే నోరే ఇది. ఆ ఇసుకలో మాత్రం ఎండిపోయింది.

"ఓ..."

ఆగాను.

"ఓ... వస్తున్నా..."

ఎడమ పక్క నుంచి. తుమ్మల వెనక నుంచి. మామ నిలబడ్డ చోటే నేనూ నిలబడ్డాను. పరుగెత్తమని కాళ్ళు చెబుతున్నాయి. లెక్కపెట్టమని మెదడు చెబుతోంది. ఒకటి... రెండు...

లెక్క ఆపేశాను. "ఎవరూ?" అని అరిచాను. అరుస్తూనే తుమ్మల వైపు నడిచాను.

గుంత అంచున ఒక మనిషి కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ చెంబు.

నారమ్మ.

"ఎవరు పిలిచిన్రు నారమ్మక్కా?" అన్నాను. 

"నాకేం ఇనబడ్తలేదు బిడ్డా."

"మరి పలుకుతున్నవు కదా."

చెంబులోంచి ఒక గుక్క తాగింది. తర్వాత మామూలుగా, కూర చేసే తీరు చెప్పినట్టు చెప్పింది.

"గప్పుడు గూడ ఇనబడలె గద. అందరికన్న దగ్గర ఇల్లు నాదే. చెవులకు గుడ్డ కట్టున్నది. అందరంటున్రు, ఆయన ఇంక పిలుస్తుండని. మల్ల నాకు ఇనబడకపోతే ఎట్ల? గందుకే... పిలిచినా పిలవకపోయినా, వచ్చి పలికి పోతున్న."

నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. నాలుగేళ్ళ పాప నిద్రపోతోంది. రేకుల చిల్లు అట్లాగే ఉంది, కింద గిన్నె పెట్టి ఉంది. నారమ్మ నీళ్ళ కుండ పక్కకు జరిపి, కింది తడి ఇసుకలో చెయ్యి పెట్టి ఒక గడ్డ తీసింది. నల్లటిది. ఈరయ్య చనిపోయిన ఏడాది తొలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. దీపం దగ్గర పెట్టి చూపించబోయి, వేడి తగులుతుందని మళ్ళీ దూరం జరిపింది.

దాని మీద నాలుగు వేళ్ళూ, బొటనవేలూ.

లోతుగా దిగిన అచ్చు. పట్టు కోసం వెతికిన చెయ్యి.

"ఎండ తగిల్తె కరిగి మాసిపోతయ్ బిడ్డా. గందుకే కుండ కింద పెట్టిన. పాపకు రెండుపార్లు చూపిచ్చిన. నీ నాయిన చెయ్యి అని."

 

ఇప్పుడు ఒక సంగతి. దీన్ని మా మామ మొన్ననే చెప్పాడు, నేను గడ్డ చూసి వచ్చిన రాత్రి. దవాఖానలో దవడలు బిగుసుకోకముందు ఈరయ్య చెప్పాడట. ఆ సాయంత్రం వాగు దాటింది మామ ఒక్కడే కాదు. మామ నాలుగోవాడు. ముందు ముగ్గురు దాటారు. ఈరయ్య చీకట్లో ముగ్గురినీ గుర్తుపట్టాడు. ఒకరిని దగ్గుతో, ఒకరిని ఎడ్ల మెడగంటలతో, ఒకరిని పాడుకునే పాటతో. ముగ్గురినీ పేరు పెట్టి పిలిచాడు, అప్పటికి గొంతు బాగానే ఉంది. మూడేసి సార్లు పిలిచాడు.

అవును. మూడేసి సార్లు.

పాట ఆగిపోయిందట. దగ్గు ఆగిపోయిందట. గంటలు మాత్రం వేగంగా మోగుతూ పోయాయట.

నేను ఎవరి వైపూ చూడడం లేదు. పేర్లు నాకు తెలుసు. చెప్పను. మా మామ తన పేరు తనే చెప్పుకున్నాడు, అది ఆయన ధైర్యం. మిగతా ముగ్గురూ ఈ అరుగు మీదే ఉన్నారు. ఇందాకటి నుంచి ఒకరికి దగ్గు వస్తోంది, ఆపుకుంటున్నారు. దగ్గండి. ఏం కాదు.

మిరుగు ఇంకా ఆరు రోజులు. మళ్ళీ వాన పడుతుంది, మళ్ళీ గడ్డలు ఒడ్డుకు వస్తాయి. అది కాకముందే, రేపు పొద్దు పొడిచేసరికి ఇంటికొక తట్ట, ఇంటికొక పార పట్టుకుని గుంత కాడికి రండి. మట్టి వేసి పూడ్చేద్దాం. కచేరీ హద్దులు కచేరీవాళ్ళు చూసుకుంటారు. నారమ్మ ఇంటి మీది చిల్లు కూడా రేపే పూడాలి. నేనూ మామా ముందే అక్కడ ఉంటాం, ఎవరెవరు వస్తారో చూస్తాం.

ఇప్పుడు లేచి ఇళ్ళకు పోతారు. వాగు అవతలి పెంటల్లో, ఆ చిన్న గూడేల్లో ఉండేవాళ్ళకు దారిలో వినబడుతుంది... "ఓ... వస్తున్నా..." అని. ఈ రాత్రి పరుగెత్తకండి. వేళ్ళు మడిచి లెక్కపెట్టకండి. ఆగండి. తుమ్మల వైపు తిరిగి, మొదటిసారికే, గొంతు విప్పి పలకండి.

"ఉన్నం నారమ్మా, మేం ఉన్నం" అనండి.